నిర్బంధ ప్రశాంతత

మనశ్శాంతి మనిషి సొంత వ్యవహారమన్న పాతకాలపు అపోహకు మా కార్యాలయం ఈ ఏడాది హోలీ వెళ్లిన మర్నాడు స్వస్తి చెప్పింది. ఇకమీదట అది కార్యాలయ వ్యవహారం. ఆదివారాలూ ప్రకటిత సెలవులూ పోను, ప్రతిరోజూ ఉదయం ఎనిమిది నుంచి ఎనిమిదీ ఇరవై దాకా ప్రతి ఉద్యోగీ ప్రశాంతంగా ఉండాలి. ఆలస్యంగా ప్రశాంతపడినవాళ్ల పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. (మూడు ఎర్ర గుర్తులకు సంజాయిషీ రాసివ్వాలి. సంజాయిషీ ప్రశాంతమైన భాషలో ఉండాలి.)

కార్యాలయం పేరు కాస్త పొడుగు, ఓపిక పట్టండి. దక్షిణ నదీతీర మురుగునీటి పారుదల ఉపకార్యాలయం. కలకత్తాలో వాట్‌గంజ్ రేవు గోడకు ఆనుకుని ఉంటుంది. అందులో నేను పందొమ్మిదేళ్లుగా గుమాస్తాను. పేరు రామనాథం. మా తాత టెక్కలి దగ్గర్నుంచి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడు. మా నాన్న అదే రేవులో ఆ మూటలు లెక్కపెట్టాడు. నేను కాగితాల మూటలు కడుతున్నాను. మూడు తరాల్లో ఇంత అభివృద్ధి సాధించిన కుటుంబం ఈ పేటలో ఇంకొకటి లేదు. నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ ఆఫీసులోనూ అంటుంటారు. అది అబద్ధం. నాకు ఉండాల్సినంతే ఉంది, వాళ్లకే తక్కువ.

ఈ ప్రశాంతత ఎక్కడ పుట్టిందో చెప్పాలి. మా ఆఫీసు కింద పనిచేసేవాళ్లలో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. మురుగు గుంటలు తీసేది వాళ్లే. జంటలుగా, వంతులవారీగా చేస్తారు. ఒకడు నడుముకు తాడు కట్టుకుని మ్యాన్‌హోల్‌లోకి దిగుతాడు. రెండోవాడు పైన తాడు పట్టుకుని గట్టిగా అంకెలు లెక్కపెడతాడు. లోపలివాడు ఊపిరి బిగబట్టి, ఆ అంకెలే మనసులో లెక్కపెట్టుకుంటూ, నలభై లోపల పని చూసుకుని తాడు గుంజాలి. (చట్టప్రకారం మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకూడదు. కాబట్టి దిగడు. మా ఆఫీసు మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.)

పోయిన ఆషాఢంలో మెటియాబ్రుజ్ వైపు రోడ్లు మోకాలిలోతు మునిగినప్పుడు పోలిరాజు అనే అతను దిగాడు. పైన తాడు పట్టుకున్నది కోదండం. ఇరవై రెండేళ్ల జంట అది. నలభై దాటింది, యాభై దాటింది, తాడు కదల్లేదు. కోదండం లాగితే శవం వచ్చింది. లోపల విషవాయువు ఉందన్న సంగతి తర్వాత తెలిసింది. మా రికార్డులో మాత్రం ‘విధులలో లేని సమయమున వానలో నడుచుచు కాలు జారి పడెను’ అని ఉంటుంది. ఆ చేతిరాత నాదే. పైవాళ్లు చెప్పారు, నేను రాశాను.

పేపర్లవాళ్లు రెండు రోజులు గోల చేశారు. దాంతో ఒక సంఘం వేశారు. సంఘం మూడు నెలలు కూర్చుని మూడు పరిష్కారాలు పరిశీలించింది. మొదటిది, గుంటలు తీసే యంత్రం. అది మా సందుల్లో పట్టదు. రెండోది, గాలిగొట్టం ఉన్న ముసుగు. ముసుగు కొంటే మనిషి దిగుతున్నాడని ఒప్పుకున్నట్టవుతుంది. మూడోది ధ్యానం. దానికి చాప ఉంటే చాలు. పోలిరాజు పోయిన దగ్గర్నుంచీ కార్మికుల మనసుల్లో ఆందోళన, దిగులు విపరీతంగా పెరిగిపోయాయనీ, అసలు సమస్య అదేననీ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. నివేదిక సమర్పించిన రోజున సంఘానికి చేపల కూరతో భోజనం కూడా పెట్టారు.

నిరుపమ్ తరఫ్‌దార్ గారు అంతకుముందు దోమల నివారణ చూసేవారు. ఆయన్ని అదనపు ప్రశాంతతాధికారిగా వేశారు. మంచి మనిషి, నవ్వుతూ మాట్లాడతాడు, టీ తనతో పాటు నాకూ తెప్పిస్తాడు. (చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.) ధ్యానం మాతృభాషలో జరగాలని ఉత్తర్వులో ఉంది. మా గుంటలవాళ్లు బెంగాలీ, హిందీ గడగడా మాట్లాడతారు. కుర్రకారుకైతే తెలుగు చదవడమే రాదు. అయినా ఉత్తర్వు ఉత్తర్వే. ఆఫీసు మొత్తానికి తెలుగు అక్షరం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నాకు ‘మాతృభాషా ధ్యాన సమన్వయకర్త’ అని ఇంకో హోదా తగిలించారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, అది.

ధ్యానం నేర్పడానికి దేబొలీనా అనే అమ్మాయిని పంపారు. పాతికేళ్లుంటాయి. మెల్లగా మాట్లాడుతుంది, ఎవరి మీదా విసుక్కోదు. నిజం చెప్పాలి, ఆమె నేర్పింది చెడ్డది కాదు. మొదటి వారం ఆమె చెప్పినట్టు కూర్చుంటే నాకే భుజాలు తేలికపడ్డాయి. ఇంట్లో రెండు రోజులు కేకలెయ్యలేదు. మా ఆవిడ జ్వరమేమోనని నుదురు తాకి చూసింది. గొడవంతా ‘శాంతో మోన్’ అనే యాప్‌తో వచ్చింది. శాంతమైన మనసు అని దానర్థం. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, కళ్లు మూసుకుని, ఫోనును దాని కెమెరా కళ్లవైపు చూసేలా గుండెల మీద పట్టీతో కట్టుకోవాలి. ఛాతీ ఎన్నిసార్లు పొంగిందో అది లెక్కపెడుతుంది. ఊపిరి ఎంత నెమ్మదిగా ఉంటే మనిషి అంత ప్రశాంతంగా ఉన్నట్టు. నూటికి ఇన్ని అని మార్కులిస్తుంది. నాకు నలభై రెండు వచ్చింది. తరఫ్‌దార్ గారికి ఇరవై తొమ్మిది. ఆయన గుండెల మీద ఫోను మధ్యమధ్యలో మోగుతూ ఉంటుంది, పాపం, పైఅధికారులు ప్రశాంతత ఎంతవరకు వచ్చిందని కనుక్కుంటుంటారు.

ఇదంతా మొదలైన నాలుగో రోజున కోదండం నా బల్ల దగ్గరికి వచ్చాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, బండరాయిలాంటి భుజాలు. నిలబడి తువ్వాలు పిండుకుంటున్నాడు.

“బాబూ, నాను ఇంక దిగనేను,” అన్నాడు. “మూత ఎత్తితే సాలు, ఊపిరాడదు. గుండి దడదడలాడిపోతాది. రోడ్డు ఊడవమంతే ఊడుస్తాను, పైమోరీలు తియ్యమంతే తీస్తాను. గుంట ఒక్కటీ ఒద్దు.”

పోలిరాజు పోయిన దగ్గర్నుంచీ నిద్ర లేదట, అన్నం సయించడం లేదట. చలికాలమంతా గుంటల పని తక్కువ కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాడు. వానలకు ముందు, అంటే జ్యేష్ఠం రాకముందే, గుంటలన్నీ తియ్యాలి. అప్పుడు దిగితే తనూ పైకి రానని అతని నమ్మకం. అతని భార్య అప్పలకొండమ్మ మా రోడ్లే ఊడుస్తుంది. ఆవిడా ముందు రోజు దారిలో నన్ను ఆపి ఇదే చెప్పింది, గిన్నె కింద పడినా మనిషి ఉలిక్కిపడి గోడకు ఆనుకుపోతున్నాడని.

నేను దరఖాస్తు రాశాను. ‘మ్యాన్‌హోల్‌లో దిగు పని నుండి మినహాయించి ఉపరితల విధులు ఇప్పించ ప్రార్థన.’ తొమ్మిది రోజులకు జవాబొచ్చింది. మ్యాన్‌హోల్‌లోకి ఏ మనిషీ దిగడం లేదు గనుక, దిగడం నుంచి ఎవరినీ మినహాయించడం సాధ్యం కాదట. దాని కింద ఇంకో వాక్యం, దరఖాస్తుదారు దిగుతున్నట్టు ఒప్పుకున్నందున అతనిపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలపవలెనట. ఆ కాగితం చదివినప్పుడు నాకొచ్చిన కోపానికి యాప్ గనక గుండెల మీద ఉంటే పగిలి ఉండేది.

రెండో దరఖాస్తు తెలివిగా రాశాను. దిగడం ఊసే ఎత్తలేదు. మనసు బాగాలేదు, ఆందోళన ఎక్కువగా ఉంది, అన్నాను. దానికి మాత్రం దారి ఉంది. ఫారం ఛ-7. ఆందోళన ఉన్నట్టు చెప్పుకున్న కార్మికుడు నలభై రోజులు ధ్యానం చెయ్యాలి. నలభై రోజుల సగటు మార్కు నలభైకి తగ్గితే, ఆ మనసు ధ్యానానికి లొంగనిదని ధ్రువీకరించి ఉపరితల విధులు ఇస్తారు. ఎక్కువొస్తే నయమైపోయినట్టు, ఉన్న పనిలోనే ఉంటాడు.

నేను కోదండం భుజం తట్టాను. చూడు, నువ్వు చెయ్యాల్సిందేం లేదు, నీకున్న భయం నువ్వు పడుతూ కూర్చో, మిగతాది ఆ యాప్ చూసుకుంటుంది, అన్నాను. చదువుకున్నవాణ్ని కదా, నా మాట నమ్మాడు.

కోదండానికి ఉన్నది బొత్తాల ఫోను, అందుకే అంతవరకూ అతన్ని ధ్యానానికి పిలవలేదు. యాప్ పట్టేది అతని అల్లుడి ఫోనులోనే. అల్లుడి పేరు ప్రదీప్‌కుమార్. షాలిమార్ గూడ్సు యార్డులో లోడింగు పని. పోయిన మాఘంలో కోదండం కూతురు రాజకుమారిని చేసుకుని అత్తవారింట్లోనే ఉంటున్నాడు. అతనే దగ్గర కూర్చుని యాప్ దింపి, అడిగిన వివరాలన్నీ నింపాడు. పేరు, వయసు, బరువు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది, అన్నీ. కోదండం ఆ ఫోనును రోజూ ఉతికిన తువ్వాల్లో చుట్టి తెచ్చేవాడు. అల్లుడి వస్తువు మరి, గీత పడితే మర్యాద పోదూ.

నలభై రోజుల్లో మొదటి రోజు పంపింగు షెడ్డులో చాపలు పరిచారు. దేబొలీనా మెల్లగా బెంగాలీలో చెప్తుంటే నేను వెనకాలే తెలుగులో చెప్పాను. కళ్లు మూసుకోండి, ఊపిరిని గమనించండి. ఇరవై నిమిషాలయ్యాక మార్కులు చదివారు. కోదండానికి తొంభై ఏడు.

పొరపాటేమోననుకున్నాం. మర్నాడు తొంభై ఆరు. ఆ మర్నాడు తొంభై ఎనిమిది. ‘మీరు మీ లోపలి సరస్సును చేరుకున్నారు’ అని యాప్ తెలుగులో మెచ్చుకుంది. నేను కోదండాన్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయి నిలదీశాను. నీకు భయమన్నావు, దడన్నావు, ఈ మార్కులేమిటి, నాతో ఆటలా, అన్నాను. అతను తల వంచుకుని చెప్పాడు.

“కళ్లు మూస్తే గుంట కనపడతాది బాబూ. గుంటలో ఊపిరి తీసినోడు పైకి రాడు. అందుకే తియ్యను. నలభై దాకా లెక్కెట్టి, తెరిసి, మల్లీ మూస్తాను.”

ఇరవై రెండేళ్ల అలవాటు. కళ్ల ముందు చీకటి పడితే ఆ ఒంటికి తెలిసింది ఒకటే, ఊపిరి బిగబట్టడం. నలభై అంకెలకొకసారి ఒక్క క్షణం కన్ను తెరిచి, ఒక్క గుక్క పీల్చి, మళ్లీ దిగిపోతున్నాడు. భయంతో ఛాతీ రాయిలా బిగుసుకుని ఉంటే, యాప్‌కు అది హిమాలయాల్లో మునీశ్వరుడిలా కనపడింది.

ఇక నేను ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చెయ్యని పని మొదలుపెట్టాను. ఒక మనిషిని ధ్యానంలో తప్పించడానికి ట్యూషను చెప్పాను. పొద్దున్నే ఏడున్నరకు వచ్చి షెడ్డు చుట్టూ ఆరుసార్లు పరుగెత్తమన్నాను. పరుగెత్తాడు, రొప్పుతూ వచ్చి కూర్చున్నాడు, కళ్లు మూశాడు, రొప్పడం ఆగిపోయింది. తొంభై అయిదు. కళ్లు తెరిచే కూర్చో అన్నాను. ‘దయచేసి కళ్లు మూసుకోండి, ఈ రోజు లెక్కలోకి రాదు’ అని ఫోను మొత్తుకుంది. పక్కన కూర్చుని చెవిలో, పీల్చు కోదండం, వదులు కోదండం, నీకు దణ్ణం పెడతాను పీల్చు నాయనా, అని గొణిగాను. దానికి నాకు ఎర్ర గుర్తు పడింది, తోటివారి ప్రశాంతతకు భంగం కలిగించినందుకు. అప్పలకొండమ్మ ఇంట్లో మిరపకాయల పొగ కూడా వేసి చూసిందట. దగ్గాడు, తుమ్మాడు, కళ్లు మూయగానే మళ్లీ అదే.

ఇరవయ్యో రోజున దేబొలీనా నన్ను పక్కకు పిలిచింది. ఆ అమ్మాయికి కళ్లున్నాయి. ఇతను శాంతంగా లేడు, వణికిపోతున్నాడు, చేతులు చూడండి, అంది. ఇలాంటివాళ్లను ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చోబెట్టకూడదట. ముందు డాక్టరుకు చూపించాలి, ఎవరైనా కూర్చుని మాట్లాడాలి, అన్నిటికంటే ముందు ఆ పని మాన్పించాలి, ధ్యానం ఆ తర్వాత, అని గట్టిగా చెప్పింది. అదే మీ నివేదికలో రాయండి అన్నాను. ఆమె తన ఫారం చూపించింది. అందులో మూడే మాటలు అచ్చయి ఉన్నాయి. శాంతించారు. శాంతిస్తున్నారు. శాంతించబోతున్నారు. వీటిలో రెండు కొట్టివేయాలి.

అయినా ఆమె వెనకవైపు తెల్లకాగితం మీద పొడుగ్గా రాసి సంతకం పెట్టి ఇచ్చింది. దాన్ని నేను పిన్ను గుచ్చి ఫైలులో పెట్టాను. ఎందుకైనా మంచిదని రెండు పిన్నులు గుచ్చాను.

నలభై రోజుల సగటు తొంభై ఆరుంపావు. దక్షిణ నదీతీరం మొత్తం మీద ఇంత ప్రశాంతంగా ఉన్న మనిషి ఇంకొకడు లేడని యాప్ కంపెనీవాళ్లే ఉత్తరం రాశారు. సన్మానం పెట్టారు. అదే పంపింగు షెడ్డు, బంతిపూల దండలు, శాలువా, పెట్టెలో సందేశ్ మిఠాయి. తరఫ్‌దార్ గారు కోదండం చెయ్యి పట్టుకుని వేదిక మీదికి ఎక్కించి, మీ ప్రశాంతత రహస్యం నలుగురికీ చెప్పండి, మాతృభాషలోనే చెప్పండి, అన్నారు.

కోదండం మైకు ముందు నిలబడి నావైపు చూశాడు. నేనూ అతనివైపు చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పమని సైగ చేశాను. ఇంతమంది వింటే ఒక్కరికైనా బుర్రకెక్కదా అని నా ఆశ. అతను నాకు షెడ్డు వెనక చెప్పిందే చెప్పాడు, కళ్లు మూస్తే గుంట కనపడుతుందని, అందులో ఊపిరి తీస్తే మనిషి ఉండడని. నేను ఒక్క ముక్క వదలకుండా బెంగాలీలోకి మార్చాను.

షెడ్డంతా చప్పట్లు. తరఫ్‌దార్ గారి కళ్లు చెమర్చాయి. “ఎంత లోతైన మాట,” అన్నారు. లోకమే గుంట, ఆశే ఊపిరి, ఆశ పీల్చినవాడికి ముక్తి లేదు, చదువులేని కార్మికుడి నోట ఉపనిషత్తు పలికింది, అని పది నిమిషాలు వివరించారు. మర్నాటికి ఆ మాట కోదండం బొమ్మతో సహా పోస్టరై మెట్ల దగ్గరా, క్యాంటీన్లోనూ, మరుగుదొడ్డి తలుపు మీదా అంటుకుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మావాళ్లు అంతకంటే నయం, మంట బాగుందని చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఫైలు తీసి, నా పందొమ్మిదేళ్ల గుమాస్తాగిరీలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా ఒక నోటు రాశాను. ఈ మనిషి ప్రశాంతంగా లేడు, భయంతో ఊపిరి బిగబడుతున్నాడు, యాప్ లెక్క తప్పు, కళ్లారా చూసిన శిక్షకురాలి అభిప్రాయం జతపరచడమైనది. పోలిరాజు జారిపడలేదని కూడా రాయబోయాను. అంత ధైర్యం చాల్లేదు. సంతకం పెట్టి తరఫ్‌దార్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివాడు. రెండుసార్లు చదివాడు. ముఖంలో నిజంగానే బాధ కనపడింది. ఇంత కష్టం పడుతున్నాడా, నాకెవరూ చెప్పలేదే, అన్నాడు. మూడు రోజులు పై ఆఫీసు చుట్టూ తానే తిరిగి, మానవతా దృక్పథంతో అని మొదటి వాక్యంలోనే రాయించి, ఉత్తర్వు చేతికిచ్చాడు. ‘శ్రీ కోదండంకు ఉపరితల విధులు మంజూరు.’ నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. అప్పటికప్పుడు క్యాంటీను నుంచి మట్టి కప్పుల్లో టీ తెప్పించి అందరికీ పోయించాను. టీ సగం తాగాక ఉత్తర్వు రెండో పేజీ తిప్పాను.

మా కార్మికుల లైను ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషికి జబ్బు చేస్తే అతని పేరు మీద ఇంట్లోవాడు ఇంకొకడు వెళ్లి పని చేసి వస్తాడు. బదిలీ మనిషి అంటారు. పని పోకుండా, ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేకుండా వాళ్లలో వాళ్లు కల్పించుకున్న ఏర్పాటు. దాన్ని ఉత్తర్వు ఎంతో గౌరవంగా నిబంధన చేసింది. గుంట స్థానం ఖాళీగా ఉండరాదు గనుక, కార్మికుని కుటుంబంలోని సమర్థుడైన పురుషుడు బదిలీగా వచ్చే సోమవారం నుంచి బాధ్యత స్వీకరించవలెను. సమర్థుడి పేరు కూడా టైపు చేసి ఉంది. ప్రదీప్‌కుమార్, ఇరవై ఏడేళ్లు, డెబ్భై ఒక్క కిలోలు, ఆరోగ్యం బాగుంది. యాప్‌లో తన చేత్తో తనే నింపిన వివరాలు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మందు వేసింది నేనే.

శనివారం మధ్యాహ్నం కోదండం, అప్పలకొండమ్మ ఇద్దరూ వచ్చారు. ఆవిడ చీపురు కట్ట గుమ్మం బయట ఆనించి లోపలికొచ్చింది. ఉత్తర్వు ఇంటికి అందిందట. అల్లుడు చదివి, దానికేం మావయ్యా, నేను దిగుతాను, అన్నాడట. కూతురు ఏడుస్తూ పడుకుందట.

“బాబూ, అల్లుడు తిన్న కంచం అల్లుడి సేత తీయించం,” అంది అప్పలకొండమ్మ. గొంతు పెంచలేదు. “కాళ్లకి నీలు సెంబుతో నాను అందిస్తాను. అలాటి పిల్లడిని ఆ పెంటలోకి దింపి, తాడు మావు అట్టుకోవాలా? కూతురు మొకం ఏటి పెట్టుకుని సూత్తాం?”

ఇది మానవతా దృక్పథమని, మీ ఆయన మంచికే ఇచ్చారని చెప్పబోయాను. నా మాటకు నాకే సిగ్గేసింది. కోదండమే ముందుకొచ్చి బల్ల మీద చెయ్యి వేశాడు.

“నాకు బాగుందని రాసెయ్ బాబూ,” అన్నాడు. “నాను దిగుతాను.”

దరఖాస్తు ఉపసంహరణకు కూడా ఫారం ఉంది. ఛ-9. పేరు, జంట నంబరు, తేదీ. చివర ‘ఉపసంహరణకు కారణము’ అన్నచోట నన్ను రాయనివ్వకుండా ముందే అచ్చువేసి ఉంచారు, ‘ధ్యానము వలన ఆందోళన పూర్తిగా తొలగినది’ అని. కోదండం వేలు పట్టుకుని దాని కింద ముద్ర వేయించాను. సిరా తువ్వాలుకు తుడుచుకుంటూ, దీంట్లో ఏటి రాసుంది బాబూ అని అడిగాడు. చదివి వినిపించాను. సరేలే అన్నట్టు తలూపాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి, తాడు ఎవరు పట్టుకుంటారని అడిగాడు. పోలిరాజు పోయాక అతనికి జంట లేడు.

ఛ-9 తీసుకుని తరఫ్‌దార్ గారి గదికి వెళ్లాను. ఆయన కారణం చదివి చాలా సంతోషించాడు. కార్యక్రమంలో పూర్తిగా నయమైన మొదటి వ్యక్తి, అందులోనూ రాతపూర్వకంగా, అన్నాడు. ఆ సాయంత్రమే పై ఆఫీసుకు పంపమన్నాడు. నేను తాడు సంగతి అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. ఎవరూ దిగనప్పుడు తాడెందుకు, అన్నాడు. నేను మళ్లీ అడిగాను. గొంతు కాస్త పెరిగిందనుకుంటాను. బల్ల కూడా గుద్దానని బయట కూర్చున్న ప్యూను తర్వాత చెప్పాడు. తరఫ్‌దార్ గారు కుర్చీలోంచి లేచి, నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, రామనాథం బాబు, మీ మనసు బాగాలేదు, అని ఎంతో ఆప్యాయంగా అన్నాడు. సొరుగు లాగి ఫారం ఛ-7 తనే నింపాడు.

నయమైనవాళ్లకు ధ్యానం అక్కర్లేదు కాబట్టి కోదండం చాప ఖాళీ అయింది. దాన్ని నాకు కేటాయించారు. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు మెటియాబ్రుజ్ రోడ్డు మీద కోదండం మూత ఎత్తాలి. అదే ఎనిమిది గంటలకు నేను కళ్లు మూసుకోవాలి. రెండు ఉత్తర్వుల్లోనూ సమయం స్పష్టంగా ఉంది.